మడ అడవిలో పాత చెక్క వంతెన మార్చాలంటే ఫైబర్ జాలీ ఎంతవరకు పనికొస్తుంది?

కాకినాడ దగ్గర కోరింగలో ఉన్నటువంటి మడ అడవి చెక్క వంతెనలకు పలకలు మార్చే రోజు వస్తే, మార్కెట్లో దొరికే సరుకుల్లో మా మొదటి ఎంపిక అచ్చులో పోసిన ఎఫ్‌ఆర్‌పీ జాలీ. గాజునూలునూ రెసిన్‌నూ కలిపి గళ్లుగళ్లుగా పోస్తారు. ఉప్పునీటికి తుప్పు పట్టదు, చెదలు ముట్టవు, కొయ్యను తొలిచే టెరిడో పురుగుకు అందులో తిండి దొరకదు. అయితే కొనేవాళ్లు జాలీ రంగూ ధరా చూసి సంతకం పెట్టేస్తారు. కొటేషన్ చివర ఒక్క పంక్తిలో ఉండే, జాలీని దూలాలకు పట్టి ఉంచే క్లిప్పులూ బోల్టులూ ఏ రకమో అడగరు. వంతెన పాడయ్యేది మాత్రం అక్కడి నుంచే.

ముందు గడి కొలత. మామూలుగా వచ్చేది 38 మి.మీ. గడి, 38 మి.మీ. మందం. గడిలో ఖాళీ దాదాపు 32 మి.మీ. ఉంటుంది. ఫ్యాక్టరీలకు ఇది చాలు, జనం నడిచే బాటకు చాలదు. చెప్పు మడమ దిగుతుంది, చేతికర్ర దిగుతుంది, చక్రాల కుర్చీ ముందు చక్రం ఇరుక్కుంటుంది, జేబులోంచి జారిన తాళాలు నేరుగా బురదలోకి పోతాయి. బాటకు మినీ మెష్ అడగాలి. దాని పై గడి 19 మి.మీ., ఖాళీ 13 మి.మీ. అమెరికా ప్రమాణాల ప్రకారం చక్రాల కుర్చీ వెళ్లే దారిలో సందు 13 మి.మీ. మించకూడదు, కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. బరువు కొంచెం ఎక్కువ, కింద పడే వెలుతురు కొంచెం తక్కువ. అయినా మూసిన పలక కంటే ఎంతో నయం. వంతెన కింద శ్వాస వేర్లకూ కొత్త మొలకలకూ ఎండా వానా అందుతాయి. తుఫాను పోటులో నీళ్లు గళ్లలోంచి పైకి వచ్చేస్తాయి గనుక అల కిందనుంచి ఎత్తి కొట్టే దెబ్బ కూడా తగ్గుతుంది. మూసిన పలకలు లేచిపోయేది ఆ దెబ్బకే.

ప్యానెల్ కొలత 1,220 × 3,660 మి.మీ. బాట వెడల్పు 1,220 పెట్టుకుంటే ఒక్క కోత కూడా అక్కర్లేదు. ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య 6 మి.మీ. సందు వదిలితే ఒక్కోటి 3,666 మి.మీ. తీసుకుంటుంది. దాన్ని నాలుగు భాగాలు చేసి దూలాల మధ్య దూరం 916.5 మి.మీ. చొప్పున పెడితే అతుకు ప్రతిసారీ దూలం మీదే పడుతుంది. అతుకు కింది దూలం కనీసం 100 మి.మీ. వెడల్పు ఉండాలి, రెండు ప్యానెళ్ల చివరలూ చెరో 38 మి.మీ. ఆనాలి. ఈ లెక్కన వంద మీటర్ల బాటకు 28 ప్యానెళ్లు పడతాయి. ఎదురెదురుగా వచ్చేవాళ్లు తప్పుకోవడానికి అక్కడక్కడా వేసే వెడల్పు అరుగులు వేరే. 38 గడి ప్యానెల్ ఒక్కోటి 80 కిలోలు దాటుతుంది, మినీ మెష్ ఇంకా బరువు. బురదలో కాలు పెట్టకుండా నలుగురు మోయాల్సిన సరుకు ఇది.

దూలాల దూరం 1,200కి పెంచి ఖర్చు తగ్గించమని సలహా వస్తుంది. జనసమ్మర్దానికి లెక్కగట్టే చదరపు మీటరుకు 500 కిలోల బరువు పెట్టినా జాలీ విరగదు, కానీ కాళ్ల కింద ఊగుతుంది. ఆ ఊగుడుకు జనం భయపడటం ఒక ఇబ్బంది, క్లిప్పులు వదులవడం దాన్ని మించిన ఇబ్బంది. 900 చుట్టూ ఆగడమే మంచిది.

ఇక క్లిప్పులు. ప్రతి దూలం మీదా రెండు అంచుల్లో ఒక్కోటి, అంటే ప్యానెల్‌కు 10. వంద మీటర్లకు 280. అన్నీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ అయ్యుండాలి, నట్టూ వాషరూ సహా. బజారులో ‘ఎస్‌ఎస్’ అని ఇచ్చేది చాలాసార్లు 202 అవుతుంది, ఉప్పుగాలికి అది త్వరలోనే తుప్పు మరకలు వేస్తుంది. అయస్కాంతం పెట్టి చూడటం ఇక్కడ పనికిరాదు, 202, 304, 316 మూడూ దానికి దాదాపు అంటుకోవు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ ఉంటుంది. దాన్ని పట్టే టెస్ట్ కిట్ దొరుకుతుంది, ప్రతి పెట్టెలోంచి రెండు బోల్టులు తీసి చుక్క వేసి చూడాలి. స్టెయిన్‌లెస్ బోల్టుకు జింకు పూత వాషర్ వేస్తే ఉప్పునీటిలో ముందు వాషర్ తినుకుపోయి బిగువు పోతుంది. ఈ స్టీలు నట్టును మిషనుతో జోరుగా బిగిస్తే మర పట్టేసుకుని మళ్లీ ఊడదు. యాంటీ సీజ్ పేస్టు రాసి చేత్తో బిగించాలి, నైలాన్ రింగున్న లాక్ నట్ వాడాలి.

ఎండ ఈ జాలీ బలహీనత. పై రెసిన్ అరిగే కొద్దీ గాజునూలు బయటికి తేలుతుంది. కాళ్ల కింద అయితే పర్వాలేదు గానీ, అదే సరుకుతో పూత లేకుండా చేసిన చేతిపట్టు పట్టుకుంటే చేతులు దురద పెడతాయి. చేతిపట్టులకు యూవీ తట్టుకునే పాలీయురేథేన్ పూత తప్పనిసరి. పైన ఇసుక అద్దిన రకమే తీసుకోవాలి, నున్నటి రకం బురద పట్టిందంటే జారుతుంది. ఇసుక రకం మీద ఉత్త కాళ్లతో నడవడం కష్టం, పిల్లలు పడితే మోకాళ్లు గీరుకుపోతాయి. ఈ లోపానికి మందు లేదు.

కోయాల్సి వస్తే డైమండ్ బ్లేడుతో, ఒడ్డు మీదే, కింద పట్టా పరిచి కోయాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకూ బురదలోని పీతలకూ మంచిది కాదు. కోసిన ప్రతి అంచుకూ రెసిన్ పూయకపోతే తడి గాజునూలు వెంట లోపలికి పాకుతుంది. పూత పూసే ముందు అంచు ఆరి ఉండాలి.

పలక మారుతోంది కదా అని పాత స్తంభాలనే ఉంచేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. సర్వి గుంజ పైకి గట్టిగా కనబడుతుంది, ఆటుపోట్ల మధ్య తడిసే భాగంలో లోపల పురుగు తొలిచి డొల్ల చేసి ఉంటుంది. సుత్తితో కొట్టి చూడాలి, సన్న బరమాతో పొడిచి చూడాలి. కాంక్రీటు స్తంభాలకు మారితే కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఆటుపోట్ల మండలంలో ఎం40 గ్రేడు కాంక్రీటు, కమ్మీ మీద 75 మి.మీ. కవరు ఉండాలి. 150 మి.మీ. స్తంభంలో రెండు వైపులా 75 పోతే కమ్మీకి చోటే ఉండదు. అందుకే సన్న స్తంభాలు పగులుతాయి. 300కి తగ్గకూడదు.

చెక్క పనికిరాదని కాదు. ఫ్లోరిడాలోని కార్క్‌స్క్రూ చిత్తడి అభయారణ్యంలో సుమారు 3.6 కిలోమీటర్ల బాటను మందు పట్టించని బ్రెజిల్ గట్టి కలపతో కట్టారు. అది మంచినీటి చిత్తడి, టెరిడో బెడద లేదు. కొల్లేరులాంటి చోట ఆ దారి ఆలోచించవచ్చు. చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలు మాత్రం మేం సిఫారసు చేయం. 300, 400 మి.మీ.కు ఒక దూలం కావాలి, ఎండకు కాలుతాయి, సాగుతాయి.

2019 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ మడ అడవుల్లో నడక బాటలకు వీలిచ్చింది, అయితే ఆ చోటు ఆమోదం పొందిన తీర మండల ప్రణాళికలో ఉండాలి. పని వేసిన బాట మీద నిలబడి ముందుకు సాగేలా జరగాలి, పక్కన బురదలో తాత్కాలిక దారి వేయనివ్వకూడదు. తీసిన పాత చెక్కకు పురుగు పట్టకుండా సీసీఏ అనే మందు పట్టించి ఉంటే అందులో ఆర్సెనిక్ ఉంటుంది, వంట చెరుకుగా ఎవరికీ ఇవ్వకూడదు. బిల్లు చెల్లించే ముందు బాట పొడవునా నడిచి ప్రతి క్లిప్పునూ స్పానరుతో తిప్పి చూడాలి. మొదటి వానాకాలం ముగిశాక మళ్లీ ఒకసారి బిగించే బాధ్యతను కాంట్రాక్టులోనే రాయించుకోవాలి.