ఇస్తాంబుల్‌లో సుల్తాను దస్తూరీ చూడాలంటే టికెట్ అక్కర్లేదు

ఒట్టోమన్ సుల్తానులుండిన తోప్‌కాపి ప్యాలెస్‌లో జనమంతా వజ్రాల గదుల దగ్గరే క్యూ కడతారు. నేను వెళ్లింది రాతల కోసం.

ప్యాలెస్ గుమ్మాల మీద, బజారులో, చివరికి ఫ్రిజ్ మాగ్నెట్ల మీద కూడా కనిపించే ఆ మెలికల ముద్రని తుగ్రా అంటారు. అది సుల్తాను పేరే అయినా మామూలుగా నిశాంజీ అనే అధికారి గీసేవాడు. సుల్తాను తన చేత్తో రాసిన ముక్కకి ఉన్న బలం వేరు, ఫర్మానా (రాజాజ్ఞ) పైన "దీని ప్రకారం జరగాలి" అని రాశాడంటే ఇక దానికి తిరుగులేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ప్యాలెస్ బయట, అయా సోఫియా వెనక ఉన్న సుల్తాను మూడో అహ్మద్ నీళ్ల మందిరం, అంటే దారిన పోయేవాళ్లకి తాగునీళ్లిచ్చే కట్టడం. 1728లో కట్టించాడు. తుగ్రాలు కూడా సొంతంగా గీసుకునేంత మంచి లిపికారుడు ఆయన. "బిస్మిల్లా అని తెరిచి నీళ్లు తాగు, అహ్మద్ ఖాన్ కోసం ప్రార్థించు" అన్న పాదం ఆయన దస్తూరీలోనే ఉంది. అరబిక్ లిపిలో ఒక్కో అక్షరానికి ఒక అంకె విలువ ఉంటుంది, ఈ పాదంలోవి కూడితే కట్టించిన ఏడు, హిజ్రీ 1141, రావాలట, నాలుగు తగ్గితే సయ్యద్ వెహ్బీ అనే కవి "తెరువు" అన్న మాట చేర్చి లెక్క సరిచేశాడని చెబుతారు. అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలేవాడు దారిన పోయేవాళ్లని దువా అడగడం నన్ను కదిలించింది. రెండేళ్లకే, 1730లో, తిరుగుబాటు వచ్చి గద్దె దిగాడు, ఆ రాత మాత్రం బంగారు అక్షరాల్లో అక్కడే ఉంది. 1928లో టర్కీలో అరబిక్ లిపి తీసేసి లాటిన్ లిపి తెచ్చారు కాబట్టి ఇప్పుడు అక్కడివాళ్లలోనే చాలామంది దాన్ని చదవలేరు. పాత లిపి వచ్చిన గైడుని పెట్టుకోండి, డబ్బు దండగ కాదు. ప్యాలెస్ ఆడియో గైడులో రాతల గురించి నాకు పెద్దగా దొరకలేదు.

బస సుల్తానహ్మెత్‌లో అయితే అన్నీ నడక దూరమే. మా హోటల్ గది ఫోటోలో చూపించినదాంట్లో సగం కూడా లేదు, టిఫిన్ మాత్రం బాగుంది. భోజనానికి సిర్కెజి వైపు దిగితే రేట్లు తగ్గుతాయి, ట్రామ్ కూడా ఉంది. మంగళవారం ప్యాలెస్‌కి సెలవు. ఒక పూట మిగిలితే ఎమిర్గాన్‌లో సబాంజీ మ్యూజియంకి వెళ్లండి, లిపికళకి ప్యాలెస్ కంటే అదే నయం, పక్కనే బాస్ఫరస్.

హైదరాబాద్ వాళ్లయితే బయల్దేరే ముందే సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు దస్కత్తులున్న ఖురాన్ గురించి అడిగి చూడండి.