విజయనగరం నుంచి అనంతగిరి: ఒక్క రోజులో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

విజయనగరంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా మొదట రామతీర్థం, తర్వాత భీమిలి బీచ్, ఆ వెంటనే అరకు మాట వస్తుంది. ‘పొద్దున్నే బయల్దేరి రాత్రికి వచ్చేద్దాం’ అంటారు. వచ్చేయొచ్చు, కాకపోతే రోజంతా బండిలోనే తెల్లారుతుంది. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకు దాకా సుమారు 60 కి.మీ., అందులో ఎక్కువ భాగం వంపుల రోడ్డే. ఎక్కినదంతా మళ్లీ దిగాలి కూడా. అందుకే చేతిలో ఒక్క రోజే ఉంటే అనంతగిరి దాటొద్దు. అడవి, కాఫీ తోటలు, లోయ, పొగమంచు, బొర్రా గుహలు అన్నీ అనంతగిరి చుట్టుపక్కలే ఉన్నాయి. గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి రాత్రి అరకులో ఆగేవాళ్లకు ఉంచేయండి.

రైలా, రోడ్డా అన్నది మొదట తేల్చుకోవాలి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పగటి రైలు కోసం మనవాళ్లు చీకటితో లేచి విశాఖ పరిగెడతారు. అక్కర్లేదు, కొత్తవలసలోనో ఎస్.కోటలోనో ఎక్కొచ్చు. ఎస్.కోటలో ఎక్కితే ఇంకాస్త నిద్ర కూడా మిగులుతుంది. కాకపోతే సీజన్‌లో, అంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, జనరల్ బోగీలు విశాఖలోనే నిండిపోతాయి. రిజర్వేషన్ లేకుండా ముసలివాళ్లనీ పిల్లల్నీ తీసుకెళ్లకండి. 2017లో పెట్టిన అద్దాల విస్టాడోమ్ బోగీ బాగుంటుంది, అయితే టిక్కెట్టు బాగా ముందే చేసుకోవాలి. ఈ లైను వేసింది మనలాంటి యాత్రికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. 58 సొరంగాలు తవ్విన ఈ దారిలో ఇప్పటికీ గూడ్సులదే పెద్దరికం. వెళ్లేటప్పుడు ఆలస్యమైనా సరదాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అదే ఆలస్యం ప్రాణం తీస్తుంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లయితే రైల్లో బొర్రా స్టేషన్‌లో దిగి, గుహలు చూసి, జీపులో అనంతగిరి చేరి, సాయంత్రం ఆర్టీసీ బస్సులో ఎస్.కోట దిగిపోవడం చవకైన పద్ధతి. కుటుంబమైతే కారే నయం.

కారులో వెళ్తే గంట్యాడ మీదుగా ఎస్.కోట 30 కి.మీ. పైచిలుకు. ఆరింటికి బయల్దేరితే ఏడింటికి ఎస్.కోట చేరి టిఫిన్ చేయొచ్చు. పెట్రోలు, ఏటీఎం, మాత్రలు అన్నీ అక్కడే చూసుకోండి. పైకెళ్లాక ఫోన్ సిగ్నల్ కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఫోన్‌పేని నమ్ముకుని పర్సు ఇంట్లో పెట్టి వస్తే మొక్కజొన్న పొత్తు కూడా దొరకదు. వాంతుల భయం ఉన్నవాళ్లకి ముందు సీటు ఇవ్వండి, పూరీలు మాత్రం పెట్టకండి. మా బావమరిది ప్రతిసారీ ‘నాకేం కాదు’ అంటూ పూరీలు తిని, ఘాట్‌లో ఉన్న టైడా ఊరు రాకముందే కారు ఆపమంటాడు.

బొర్రా గుహలు పదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకే అక్కడుంటే లోపల ప్రశాంతంగా తిరగొచ్చు. ఆదివారం పదకొండు దాటాక టిక్కెట్టు లైను, పార్కింగు, అరుపులు, సెల్ఫీలు అన్నీ కలిసి గుహ కాస్తా పైడితల్లి జాతరే. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఇంగ్లిష్ ఆయన ఈ గుహల్ని బయటి ప్రపంచానికి తెలియజేశాడని చెబుతారు. చుట్టుపక్కల గిరిజనులకు అవెప్పుడూ తెలిసినవే. సున్నపురాతి మీద నీళ్లు ఎన్నో లక్షల ఏళ్లు ఒక్కో చుక్కగా కారి కట్టిన ఆకారాలకి శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మొసలి అని పేర్లు పెట్టి గైడ్లు చూపిస్తారు. గైడ్ లేకపోయినా నష్టం లేదు. రంగు బల్బులు తీసేస్తే ఇంకా బాగుంటుందన్నది నా గొడవ. అసలు సంగతి మెట్లు. దిగడం సులువే కానీ ఎక్కేటప్పుడు తడి మెట్ల మీద మోకాళ్లు పట్టేస్తాయి. లోపల శివలింగం దగ్గరికి ఎక్కే మెట్లు మరీ నిటారు. మా అమ్మ మొదటి పెద్ద హాలు వరకే వచ్చి, అక్కడి నుంచే దండం పెట్టుకుంది. అంతవరకు చూసినా చాలు.

ఈ గుహల కింద పారే గోస్తనీ నదే దిగువన తాటిపూడి రిజర్వాయరులో చేరి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా చుట్టూ కొండలు తవ్వేయకుండా మిగిలాయంటే దాని వెనక ఒక పోరాటం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో, భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ అనంతగిరి మండలం ఊళ్ల గొడవ నుంచి వచ్చిందే. పిల్లలకి గుహలో మొసలి ఎక్కడుందో చూపించేటప్పుడు ఇది కూడా చెప్పండి.

కటికి జలపాతం అందంగానే ఉంటుంది. ఒక్కరోజు ట్రిప్పులో మాత్రం వద్దు. రోడ్డు సరిగా లేని దారిలో జీపు కుదుపులు, ఆ పైన నడక, మళ్లీ అదే దారిన వెనక్కి. సగం రోజు దానికే పోతుంది. వెళ్లి తీరాలంటే బొర్రాని వదిలేయండి. జీపు బేరం ఎక్కకముందే తేల్చుకోవాలి. మనిషికింతా, బండికింతా, అక్కడ ఎంతసేపు ఆగుతారు అన్న మూడూ అడగండి.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో దిగి కాసేపు నడవాలి. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. నవంబరు నుంచి ఎర్రటి పండ్లు కనిపిస్తాయి. కోయకండి, అది ఎవరిదో ఏడాది సంపాదన. అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక రోడ్డు పక్క ప్రతి పొట్లం మీదా ‘అరకు కాఫీ’ అనే ఉంటోంది. చికోరీ ఎంత కలిపారో అడిగి కొనండి. ఇంకాస్త పైకి వెళ్తే గాలికొండ వ్యూపాయింట్. మబ్బు లేకపోతే లోయంతా కనిపిస్తుంది. మబ్బుంటే ముందున్న మనిషే కనిపించడు, అయినా జనం ఫొటోలు తీస్తూనే ఉంటారు.

బొంగు చికెన్ తినకుండా ఎవరూ దిగరు కాబట్టి ఒక కిటుకు. పైకి వెళ్లేటప్పుడే ఆర్డరిచ్చి, దిగేటప్పుడు వేడిగా తినండి. పచ్చి వెదురు బొంగుని అడుగున ఒక కణుపు ఉండేట్టు కోసి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద వాలుస్తారు. నూనె చుక్క వేయరు. పచ్చగా ఉన్న బొంగు నల్లబడుతుంది, మూతి దగ్గర రసం బుసబుసా పొంగుతుంది. ‘ఎంతసేపు పడతాది తల్లీ’ అని అడిగితే ‘ఆకు దగ్గర పొంగు తగ్గాల బాబూ, అప్పుడే తియ్యాల’ అంది ఒకావిడ, గడియారం సంగతి ఎత్తకుండా. బొంగు చీల్చి అరిటాకులో దులిపాక ముక్కకి వెదురు వాసన ఉంటే అది అక్కడ కాల్చిందే. తూకం మాత్రం ముక్కలు కూరకముందే, మీ కళ్లముందే వేయించుకోండి.

రాత్రి ఆగాలనుకుంటే అనంతగిరిలో, టైడాలో పర్యాటక శాఖ హరిత రిసార్టులున్నాయి. గదులు పాతవే గానీ చోటు బాగుంటుంది. టైడాలో తెల్లవారుజామున పిట్టల గోలకే మెలకువ వస్తుంది. ఘాట్‌లో ఒక ప్రైవేటు రిసార్టులో మాత్రం మాకు భలే అయింది. ఫోన్లో గీజరుందన్నారు. ఉంది, కరెంటు లేదు. జనరేటర్ పదింటికే ఆపేశారు. గది చూసి, పవర్ బ్యాకప్ సంగతి అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.

వేసవిలో వెళ్లి ‘అడవేదీ’ అనొద్దు. ఇది ఏడాది పొడవునా తడిసే అడవి కాదు, తూర్పు కనుమల అడవి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకే అడవి పచ్చగా, గెడ్డలు (వాగులు) నిండుగా ఉంటాయి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం మానేయండి, కొండచరియలు విరిగి రోడ్డూ రైలూ రెండూ ఆగిన సందర్భాలున్నాయి.

నాలుగింటికల్లా దిగడం మొదలెడితే చీకటి పడకముందే తాటిపూడి గట్టు మీద ఓ అరగంట కూర్చోవచ్చు. బోటు తిరుగుతోందో లేదో పొద్దున అటు వెళ్లేటప్పుడే అడిగేయండి. కారు అద్దెకి మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటుతో పాటు ఘాట్ చార్జీ, డ్రైవరు బత్తా, ఎన్ని గంటలు దాటితే నైట్ చార్జీ అన్నవి కాగితం మీద రాయించుకోండి. డ్రైవరుకి మీతోపాటే భోజనం పెట్టించండి, ఆ వంపుల్లో కునుకు రాకూడనిది ఆయనకే.