బెజవాడ ఎండలో మిద్దె తోట: ఏవి నిలబడ్డాయి, ఏవి విసిగించాయి

సత్యనారాయణపురంలో మా మిద్దె మీద కొన్నేళ్లుగా గ్రో బ్యాగుల్లో (మొక్కలు పెంచే సంచుల్లో) కూరగాయలు వేస్తున్నా. కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందు టమాటా అంటారు, లేదంటే క్యాప్సికం. నా ఓటు మాత్రం తోటకూరకే. విత్తనం మరీ సన్నం కాబట్టి కాస్త ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు, మూడు నాలుగు వారాల్లో కూరకొచ్చేస్తుంది. వేళ్లతో సహా పీకకుండా నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే పక్కల నుంచి మళ్లీ చిగురేస్తుంది.

గోంగూర గురించి మనవాళ్లకి నేను చెప్పేదేముంది గానీ, కుండీలో ఇంత మొండి మొక్క ఇంకోటి లేదు. తల తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది, పూత మొదలైతే ఆకు చిన్నదైపోతుంది, ఇక తీసేసి కొత్తది వేసుకోవడమే. దీనికున్న ఒకే ఒక్క తలనొప్పి పిండినల్లి. చిగురు దగ్గర ఆకులు ముడుచుకుని, లోపల తెల్లగా దూదిలా పట్టి, కొమ్మ మీద చీమలు బారులు తీరాయంటే అదే. ఆ చివర తుంచి పారేసి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి సాయంత్రం పూట కొడుతుంటాను, మధ్యాహ్నం కొడితే ఆకు మాడిపోతుంది.

బచ్చలి తీగ ముక్క గుచ్చితే బతుకుతుంది. పుదీనా అయితే కొనక్కర్లేదు, రైతుబజార్ కట్టలో ఆకు దూసుకున్నాక మిగిలిన గట్టి కాడలు నీళ్ల గ్లాసులో పెడితే వేళ్లొస్తాయి, అప్పుడు వెడల్పాటి కుండీలో, కాస్త నీడపట్టున నాటుకోవడమే. కొత్తిమీర, మెంతికూర చలికాలం సరుకు. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి నవంబరులో వేస్తే హాయిగా వస్తుంది, ఏప్రిల్లో వేస్తే మొలవడమే గగనం, మొలిచినా గబగబా పూతకొచ్చేస్తుంది.

బెండ మాత్రం ఎండకి భయపడదు. విత్తనం నేరుగా బ్యాగులోనే పెట్టండి, 12 అంగుళాలది సరిపోతుంది, 45, 50 రోజులకి కాయలు మొదలవుతాయి. కాకపోతే ఒక్క మొక్క వేస్తే పులుసులోకి కూడా చాలదు, కనీసం అరడజను ఉండాలి, రోజు విడిచి రోజు కోయకపోతే పీచు కట్టేస్తుంది.

టమాటా అక్టోబరులో నాటితే సంక్రాంతికి కాయలు చూస్తారు, ఆలస్యం చేస్తే మార్చి ఎండలకి పూతంతా రాలుతుంది. ఇక మిర్చి. గుంటూరు పక్కనే ఉన్నాం, మనకి రాకపోవడమేంటి అనుకుంటాం గానీ, 2021లో నల్ల తామర పురుగు (పూతలో చేరి రసం పీల్చే సన్నటి పురుగు) ఆ గుంటూరు చేలనే ఊడ్చేసింది, మన నాలుగు కుండీలెంత? ఆకుముడత మొదలైతే వారం వారం దాని చుట్టూ తిరగాలి, మొదటి ఏడాది ఆ టెన్షన్ వద్దు.

మట్టి దగ్గర మాత్రం పిసినారితనం చూపకండి. ఊళ్లో ఊరికే దొరికే నల్లమట్టి తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి గుప్పెడు వేపపిండి వేస్తాను. బ్యాగులు హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన మందపాటివి కొనండి, పల్చటి ప్లాస్టిక్ సంచులు ఒక్క వేసవికే పెళుసెక్కి ఎత్తబోతే చేతిలోకి ఊడొస్తాయి. అడుగున ఇటుకలు పెడితే స్లాబు మీద నీళ్లు నిలవవు, ఓనర్‌తో మాట పడక్కర్లేదు.

రోహిణి కార్తెలో సగం నీడనిచ్చే షేడ్‌నెట్, రెండు పూటలా నీళ్లు తప్పవు. వేసవి సెలవులకి ఊరెళ్లే ఇల్లైతే ఏప్రిల్ ఆఖరుకల్లా బ్యాగులు ఖాళీ చేసి మట్టి ఎండబెట్టేయండి, కరివేపాకు, వామాకు కుండీలు మాత్రం కింద పోర్షన్ వాళ్ల మెట్ల దగ్గర పెట్టి, నీళ్లు పోస్తూ వాళ్లనీ కోసుకోమని చెప్పి వెళ్లండి.