సింగపూర్‌కి ఒక్కరే వెళ్తున్నారా: జొహోర్‌లో గది మేలా, లిటిల్ ఇండియాలో బెడ్ మేలా?

సింగపూర్ టికెట్ బుక్ చేశానని చెప్పగానే ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు: "అక్కడ హోటళ్ల రేట్లు మండిపోతుంటాయి. పక్కనే మలేషియా. జొహోర్ బారులో రూమ్ తీసుకుని రోజూ వెళ్లి వచ్చెయ్, సగానికి సగం మిగులుతుంది." మాట తప్పు కాదు గానీ, అది జంటగానో ఫ్యామిలీతోనో వెళ్లినవాళ్లు చెప్పే మాట. ఒక్కరే వెళ్లేవాళ్లకు ఈ లెక్క కుదరదు.

హోటల్‌లో అద్దె గదికి, హాస్టల్‌లో అద్దె మనిషికి. జొహోర్‌లో ఓ మోస్తరు గది 100–130 రింగిట్లు (మలేషియా కరెన్సీ) అనుకుందాం, అంటే 30–40 సింగపూర్ డాలర్లు. ఇద్దరుంటే తలా సగం పడుతుంది, ఒక్కరే అయితే మొత్తం మీ నెత్తినే. సింగపూర్‌లో మనవాళ్లు ఎక్కువగా కనిపించే లిటిల్ ఇండియా హాస్టళ్లలో డార్మ్ బెడ్ (నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచం) కూడా మామూలు రోజుల్లో దాదాపు అంతే. డాలర్‌ను 70 రూపాయల దరిదాపుల్లో వేసుకుంటే ఎటు చూసినా రాత్రికి రెండు వేల పైచిలుకు. కాబట్టి జొహోర్‌లో మీకు మిగిలేది డబ్బు కాదు, సొంత బాత్‌రూమ్, తలుపుకో గడియ. పై బెడ్ మీద గురక మొదలైతే ఆ గడియ విలువ తెలుస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఇక సరిహద్దు. రెండు ఊళ్ల మధ్య 1924లో తెరిచిన కాజ్‌వే (సముద్రపు పాయ మీదుగా వేసిన దారి) పొడవు కిలోమీటరు పైన కొంచెం, అంతే. బస్సులో ఆ కిలోమీటరు ఎలా ఉంటుందంటే, జొహోర్ చెక్‌పోస్టులో క్యూ కట్టి పాస్‌పోర్ట్ చూపించి, కిందికొచ్చి బస్సెక్కుతారు. అది నీళ్లు దాటగానే సింగపూర్ వైపు చెక్‌పోస్టు వుడ్‌ల్యాండ్స్‌లో బ్యాగులన్నీ తీసుకుని మళ్లీ దిగాలి, మళ్లీ క్యూ. మీరు బయటపడేసరికి మీ బస్సు వెళ్లిపోయి ఉంటుంది. 170 నంబర్ బస్సులో వచ్చినవాళ్లు ఇంకో 170 కోసం మూడో క్యూలో నిలబడాలి. మలేషియా నుంచి డ్యూటీలకు వెళ్లేవాళ్లతో తెల్లవారుజాము నుంచే రద్దీ. శుక్రవారం సాయంత్రం సింగపూర్ నుంచి జొహోర్ వైపు వెళ్లే జనం. ఖాళీగా ఉంటే అరగంటలో దాటేస్తారు, లేదంటే రెండు గంటలైనా ఆశ్చర్యం లేదు. జొహోర్ బారు రైల్వే స్టేషన్ జేబీ సెంట్రల్ నుంచి వుడ్‌ల్యాండ్స్‌కి షటిల్ రైలు ఐదు నిమిషాల్లో తీసుకెళ్తుంది గానీ, రద్దీ వేళల టికెట్లు ముందే అయిపోతాయి.

సమయం పోతే పోయింది, డబ్బే ముఖ్యం అంటారా? సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. సింగపూర్‌లో పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి ఎక్కువగా పొద్దున్నే, లేదా రాత్రిపూట బాగుంటాయి. యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న బొటానిక్ గార్డెన్స్ ఉదయం 5కే తెరుస్తారు, టికెట్ లేదు. ఎండెక్కాక అక్కడ నడవడం మనవల్ల కాదు, ఉక్కపోత విజయవాడను తలపిస్తుంది. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన టవర్లు) లైట్ షో రాత్రి 7:45కి, 8:45కి, అదీ ఫ్రీనే. కింద గచ్చు మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్లే ఎక్కువ. లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్ నుంచి డౌన్‌టౌన్ లైన్‌లో ఒకవైపు మూడో స్టేషన్ బొటానిక్ గార్డెన్స్, ఇంకోవైపు నాలుగో స్టేషన్ బేఫ్రంట్, గార్డెన్స్ బై ద బేకి దిగాల్సింది అక్కడే. జొహోర్‌లో ఉన్నవాళ్లు ఆ పొద్దున క్యూలో ఉంటారు, రాత్రి షో చూస్తూ కూడా చివరి బస్సు టెన్షన్‌లో ఉంటారు. మిగిలిన మధ్యాహ్నం ఏసీ ఉన్న చోటు వెతుక్కోవాలి, టికెట్లు కొనాల్సివచ్చేది అప్పుడే.

తిండి జొహోర్‌లో చవక, అందులో సందేహం లేదు. కానీ లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ లాంటి హాకర్ సెంటర్లలో (ఒకే కప్పు కింద చిన్న చిన్న తిండి స్టాళ్లు) 4–6 డాలర్లకు బిర్యానీయో దోసెలో కడుపునిండా తినొచ్చు. రెస్టారెంట్లలో బిల్లు మీద పడే సర్వీస్ చార్జ్, 9 శాతం జీఎస్టీ అక్కడ విడిగా వేయరు. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, కూర్చోకండి. తిన్న ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేకపోతే ఫైన్ పడొచ్చు. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, బాటిల్ ఖర్చు కూడా తప్పుతుంది.

సింగపూర్ శివార్లలో పుంగోల్‌లోనో సెంగ్‌కాంగ్‌లోనో తెలిసినవాళ్లుంటే మూడో దారి. అద్దె సున్నా. కాకపోతే ఆవకాయ, పూతరేకులు మోసుకెళ్లాలి, వాళ్లు భోజనానికి ఎదురుచూస్తుంటారు కాబట్టి రాత్రి షో మానుకుని ఇంటికి చేరాలి. ఒకట్రెండు రాత్రులకైతే సరే.

మొత్తానికి నా ఓటు లిటిల్ ఇండియా బెడ్‌కే. లాకర్‌కి తాళం మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి, చాలా హాస్టళ్లలో ఇవ్వరు.

రెండు సందర్భాల్లో మాత్రం జొహోర్‌కే వెళ్లమంటాను. ఒకటి, సింగపూర్‌లో ఎఫ్1 కార్ల రేసు జరిగే వారం. అప్పుడు డార్మ్ బెడ్ రేటు కూడా చుక్కలనంటుతుంది. రెండోది, మలేషియాలోని మలక్కా ఊరు కూడా చూసే ప్లాన్ ఉంటే. సింగపూర్ ముగించుకుని చివర్లో ఒకేసారి సరిహద్దు దాటి, ఓ రాత్రి జొహోర్‌లో ఆగి బస్సెక్కండి. మనవాళ్లకు మలేషియాలో 30 రోజుల వీసా మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. తిరుగు విమానం సింగపూర్ నుంచే అయితే మీ సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనో కాదో ముందే చూసుకోండి. ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు రెండు దేశాల అరైవల్ కార్డులూ ఆన్‌లైన్‌లో నింపాలి. రెండూ ఉచితమే, డబ్బు కట్టమని అడిగే సైట్ల జోలికి వెళ్లకండి.