నాలుగేళ్లు వాడిన పీహెచ్ మీటర్: నా సమీక్ష

నా దగ్గరున్నది జేబులో పట్టే పీహెచ్ మీటర్. పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె: మామూలుగా 7 తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పెన్ను కంటే కాస్త లావు, పైన చిన్న తెర, కింద గాజు బుడిపె ఉన్న ఎలక్ట్రోడ్. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పడం నా పని. లిట్మస్ ఎర్రబడితే ఆమ్లం, నీలమైతే క్షారం అని ఎన్నాళ్లు చెబుతాం? ఎంత ఆమ్లమో చెప్పమంటే ఆ కాగితం నోరు మెదపదు. అందుకే నాలుగేళ్ల కింద ఇది కొన్నాను. కొన్న రెండు నెలలకే పాడుచేశాను కూడా.

వాడిన ప్రతిసారీ కడిగి, శుభ్రంగా ఉంటుందని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచేవాణ్ని. కొన్నాళ్లకు అంకె నిలవడం మానేసింది. 7.00 బఫర్‌లో (బఫర్ అంటే పీహెచ్ అంత తేలిగ్గా మారని ద్రావణం) పెడితే 6.8 అంటుంది, కాసేపటికి 7.2 అంటుంది. నాసిరకం సరుకు అంటగట్టారని అమ్మినవాళ్లను తిట్టుకున్నాను. తప్పు నాదే. ఎలక్ట్రోడ్ లోపల గాఢమైన పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉంటుంది. బయట లవణం లేని నీళ్లుంటే, లోపలి అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) సన్నని రంధ్రంలోంచి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటాయి. గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వ్యాపనం అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నా వస్తువు దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు.

ఇప్పుడు మూతలో 3 మోలార్ (లీటరుకు 3 మోల్‌ల) పొటాషియం క్లోరైడ్ పోసి ఉంచుతున్నాను. 22.4 గ్రాముల లవణాన్ని ముందు కొంచెం నీటిలో కరిగించి, తర్వాత మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే సరిపోతుంది. కరిగేటప్పుడు బీకరు చల్లబడుతుంది, కంగారు పడొద్దు, ఆ లవణం కరగడానికి వేడిని తీసుకుంటుంది. మూత చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకోవడం మామూలే, కడిగితే పోతుంది. ఎలక్ట్రోడ్‌ను ఎండనివ్వడం మాత్రం కూడదు. గాజు పైపొర నీళ్లు పీల్చుకుని సన్నటి జెల్‌లా ఉంటేనే హైడ్రోజన్ అయాన్లకు స్పందిస్తుంది.

కాలిబ్రేషన్, అంటే పీహెచ్ ముందే తెలిసిన బఫర్లతో మీటర్‌ను సరిచూసుకోవడం, పెద్ద విసుగు, కానీ తప్పదు. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ తేడాకు సిద్ధాంతం ప్రకారం 59.16 మిల్లీవోల్టులు రావాలి. అందులో ఎంత వస్తోందో నా మీటర్ స్లోప్ అని శాతంలో చూపిస్తుంది. కొత్తలో 98 ఉండేది. ఏడాదిన్నర తిరిగేసరికి 90కి దిగింది, ఎలక్ట్రోడ్ మార్చాను. 4, 7 బఫర్లు బాగానే నిలవుంటాయి. 10 బఫర్‌తోనే చిక్కు: మూత తీసినప్పుడల్లా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పీహెచ్ తగ్గిపోతుంది. పాత 10 బఫర్‌తో కాలిబ్రేట్ చేసి, నెల రోజులు తప్పుడు అంకెల్ని నమ్మాను.

ఇక పాఠానికి ఎంత ఉపయోగపడింది అంటే, పెట్టిన డబ్బు ఇక్కడే తిరిగొచ్చింది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 1.1 చూపిస్తుంది. పదింతలు పలచన చేస్తే 2 దగ్గరికి వస్తుంది. అదే గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లంలో 2.9, పదింతలు పలచన చేస్తే 3.9 కాదు, 3.4. పలచన చేసేకొద్దీ ఆ ఆమ్లంలో అయాన్లుగా విడిపోయే వంతు పెరుగుతుంది కదా. గాఢమైన ఆమ్లం (నీళ్లలో ఎక్కువగా ఉన్నది), బలమైన ఆమ్లం (దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయేది) ఒకటేనని పిల్లలు పడే తికమక ఈ నాలుగు అంకెలతో తీరినంతగా నా ఉపన్యాసాలతో ఎప్పుడూ తీరలేదు.

అందరికీ నచ్చేది బఫర్ ప్రయోగం. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ ఒక్కొక్కటి 0.1 మోలార్ ఉండేలా 100 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మీటర్ 4.7 దగ్గర ఉంటుంది. అందులో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు వేస్తే 0.1 మాత్రమే తగ్గుతుంది. అదే ఒక మిల్లీలీటరు 100 మిల్లీలీటర్ల మంచి డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే అంకె 2కి పడిపోతుంది. తరగతిలో ఒక్కసారిగా గోల.

డిస్టిల్డ్ వాటర్‌లో 7 రాలేదని చాలామంది మీటర్‌ను తప్పుపడతారు. నాకూ 5.8, 6.1 అంటూ ఊగుతుంది. అది దాని లోపం కాదు. గాలి తగిలిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి కొంచెం ఆమ్లం తయారవుతుంది. పైగా అయాన్లు మరీ తక్కువ కాబట్టి మామూలు మీటర్ ఏదీ అక్కడ స్థిరంగా నిలబడదు. ఆటోమేటిక్ టెంపరేచర్ కాంపెన్సేషన్ అని రాసి ఉంటుంది, దానికీ మోసపోవద్దు. అది ఎలక్ట్రోడ్ స్లోప్‌ను సరిచేస్తుంది, అంతే. 60 డిగ్రీల నీళ్లకు తటస్థం అంటేనే 6.5 దగ్గర. అక్కడ 6.5 కనిపిస్తే నీళ్లు ఆమ్లమైపోయాయని అర్థం కాదు.

నిజమైన లోపాలు వేరే ఉన్నాయి. గాఢమైన క్షారాల్లో దీన్ని నమ్మను. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 12.9 దగ్గర రావాలి, నాది 12.6 దాటదు. అక్కడ హైడ్రోజన్ అయాన్లు మరీ తక్కువ కావడంతో, గాజు సోడియం అయాన్లను కూడా వాటి కింద లెక్కేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునే తినేస్తుంది, దాని జోలికి పోకండి. తెర మీది రెండో దశాంశ స్థానాన్ని నేనెప్పుడూ పట్టించుకోను. టైట్రేషన్‌కు (ఆమ్లంలో క్షారాన్ని చుక్కచుక్కగా వేసి గాఢత కనుక్కోవడానికి) ఇప్పటికీ క్షారంలో రంగు మారే ఫినాఫ్తలీన్ చుక్కలే వాడతాను. గులాబీ రంగు వచ్చేసరికి ఆపేయొచ్చు, మీటర్ ప్రతి చుక్కకూ ఆలోచించుకుంటూ కూర్చుంటుంది. గ్రాఫు గీయాల్సినప్పుడు మాత్రం దీన్ని మించింది లేదు.

కొనేవాళ్లకు ఒకటే మాట. ఎలక్ట్రోడ్ విడిగా మార్చుకునే మోడల్ తీసుకోండి. నా రెండో ఎలక్ట్రోడ్ ద్రావణాన్ని కలిపే స్టిర్రర్ ముక్క తగిలి పగిలిపోయింది. ఇప్పుడు వాడుతున్నది మూడోది. మీటర్ మాత్రం అదే పాతది.