స్క్రూటినీ: పరిశీలన, తనిఖీ, తరచి చూడటం – ఏది మేలు?

వరంగల్, హనుమకొండ కార్యాలయాల్లో 'ఫైలు స్క్రూటినీలో ఉంది' అన్న మాట తరచూ వినిపిస్తుంది. అదే సంగతి పత్రికలో 'పరిశీలన'గా అచ్చవుతుంది, జనం నోట 'తనిఖీ' అవుతుంది. మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం వల్ల అసలు జరుగుతున్న పని ఏమిటో తెలియకుండా పోతున్నది కాబట్టి, ఏ మాట ఎక్కడ పొసగుతుందో తేల్చుకోవడం అవసరం.

ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ దానికి గాలించి వెతకడమని అర్థం. అందువల్ల వట్టి చూపు స్క్రూటినీ కాదు. లోపమేదైనా దాగి ఉందేమోనన్న అనుమానంతో, అంగుళం విడవకుండా చూడటమే స్క్రూటినీ. ఒక వాదన స్క్రూటినీకి నిలవలేదంటే, పైకి బాగానే కనిపించినా లోతుగా చూసేసరికి వీగిపోయిందని భావం.

'పరిశీలన'లో ఆ అనుమానపు చూపు లేదు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని వెళ్లినవారికి 'పరిశీలిస్తాం' అన్న జవాబు వస్తే, ఆలోచించి చెబుతామని మాత్రమే అర్థమవుతుంది. అయినా ఎన్నికల విషయంలో ఈ మాటే సరైనదని నా అభిప్రాయం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 36వ సెక్షన్ నామినేషన్ల స్క్రూటినీ గురించి చెబుతూ, రిటర్నింగ్ అధికారి అవసరమనుకుంటే సంక్షిప్త విచారణ మాత్రమే జరపాలంటుంది, ముఖ్యం కాని లోపాలను పట్టుకుని పత్రాన్ని తిరస్కరించరాదని కూడా అంటుంది. చట్టమే హద్దు గీసిన చోట 'నామినేషన్ల పరిశీలన' అనడం సమంజసం, దానికి 'నిశిత' అన్న విశేషణం తగిలిస్తే అతి అవుతుంది.

'తనిఖీ' ఉర్దూ ద్వారా వచ్చి, నిజాం కాలపు కచేరీల నుంచి మన ఊళ్లలో పాతుకుపోయిన మాట, దాన్ని పరాయిదని తోసేయనక్కరలేదు. అయితే తనిఖీకి మనిషి కదలాలి: రేషన్ దుకాణానికో హాస్టల్ వంటగదికో అధికారి స్వయంగా వెళ్లాలి, లేదా రోడ్డు మీద నిలబడి వాహనాలు ఆపాలి. బల్ల ముందు కూర్చుని లెక్కల పుస్తకాన్ని పుటపుటా చదివే పనికి ఆ మాట అతకదు.

నా మొగ్గు 'తరచి చూడటం' వైపే. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనే ఖరీదుదారు బస్తా పైన కనిపించే ఎర్రదనాన్ని నమ్మడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు, తేమ తెలియడానికి నలిపి చూస్తాడు, ఒకటి రెండు విరిచి గింజ చూస్తాడు, తాలు కాయ ఎంత కలిసిందో ఏరి చూస్తాడు, ఆ తర్వాతే ధర చెబుతాడు. రైతుకు ఆ క్షణం ఎంత భారంగా ఉంటుందో పక్కన నిలబడిన వారికే తెలుస్తుంది. స్క్రూటినీ అన్న మాటలోని అనుమానం, ఓపిక, ఎదుటివాడి గుబులు అన్నీ ఆ చూపులో ఉన్నాయి, 'తరచి చూశాడు' అన్న మాటలోనూ ఉన్నాయి.

దీనికి ఒకటే ఇబ్బంది: క్రియగా చక్కగా నడిచే ఈ మాట నామవాచకంగా ఉత్తర్వులో ఒదగదు. అలాంటి చోట 'నిశిత పరిశీలన' వాడుకోవాలి. ఆదాయపు పన్ను విషయంలో రిటర్నును సరిచూడటం ఒకటి, ఆధారాలు అడిగి లోతుగా విచారించి పన్ను తేల్చడం మరొకటి. రెండింటినీ 'పరిశీలన' అనేస్తే నోటీసు అందుకున్నవారికి తేడా తెలియదు, రెండోదాన్ని 'నిశిత పరిశీలన' అంటే తెలుస్తుంది.

ఇక స్క్రూటినీ అన్న మాటనే ఉంచుకోవచ్చు కదా అంటే, ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఉంచుకోవచ్చు. అర్జీదారుకు పంపే ఉత్తరంలో మాత్రం 'మీ పత్రాలను ఒక్కొక్కటిగా తరచి చూస్తున్నాము' అని రాస్తే, ఏ పని నడుస్తున్నదో, ఎందుకు ఆలస్యమవుతున్నదో ఆ ఒక్క వాక్యంతోనే ఆయనకు అర్థమవుతుంది.