ముసలి గుర్రం ముందుకాళ్ళు కుంటుతుంటే లాడమా, ఉత్త గిట్టా, మాత్రలా: ఏది మేలు?

లాడాలు కొట్టించాలా, పీకేసి ఉత్త గిట్టతో వదిలెయ్యాలా, రోజూ నొప్పి మాత్ర వేసి లాగించాలా, ముసలి గుర్రం ఉన్న ఇంట్లో ఈ గొడవ తెగదు. గుంటూరులో మా బాబాయ్‌ది లాడాల పార్టీ, ఆయన కొడుకుది మాత్రల పార్టీ (పెళ్ళి ఊరేగింపుల బుకింగులు వదులుకోలేడు మరి), నేనేమో గుర్రం ఏ నేల మీద నడుస్తుందో చూసి చెప్తా అంటాను.

అసలు నొప్పి ఎక్కడో తేలకుండా ఈ వాదన దండగ. గట్టి నేల మీద గుండ్రంగా తిప్పితే కుంటు ఎక్కువై, అడుగేసేటప్పుడు గిట్ట ముందుకొసే ముందు ఆనిస్తుంటే నొప్పి మడమ వైపుంది, చాలాసార్లు అది నావిక్యులర్, అంటే గిట్ట లోపల మడమ వైపుండే చిన్న ఎముక జబ్బు. అదే ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వాల్చి నిలబడితే లామినైటిస్ (గిట్ట గోడని లోపలి ఎముకకి పట్టి ఉంచే పొరల వాపు) అనుమానించాలి. డాక్టర్ మడమ దగ్గర నరానికి మత్తిచ్చి నడిపించి చూస్తారు, పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు. మనకి గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది కాబట్టి ఎవర్ని అడగాలా అని తిరగక్కర్లేదు.

లాడం సంగతి. నావిక్యులర్ ఐతే ముందుకొస గుండ్రంగా అరగదీసి మడమ కింద వెడ్జ్ (మడమని ఎత్తే ఏటవాలు ముక్క) పెట్టి కొడితే ఆ చిన్న ఎముక మీద నొక్కుడు బాగా తగ్గుతుంది, 6 డిగ్రీల వెడ్జ్‌తో దాదాపు పావు వంతు తగ్గినట్టు కొలిచి చూశారు కూడా. తేడా కూడా తొందరగానే కనపడుద్ది. కానీ ఏళ్ళ తరబడి వెడ్జ్ ఉంచితే మడమలు నలిగి ముందుకి వాలిపోతాయి, అప్పుడు మొదటికే మోసం. ఇంకోటి, ఎద్దులకి లాడాలు కొట్టే చెయ్యి వేరు, గుర్రం గిట్ట కోణం చూసి చెక్కే చెయ్యి వేరు, రెండోది మన దగ్గర వెతుక్కోవాల్సిందే. లామినైటిస్‌కి మాత్రం ఎక్స్‌రే చూడకుండా మడమ ఎత్తమని ఎవరు చెప్పినా వినొద్దు.

ఉత్త గిట్ట ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. గిట్ట నెలకి సుమారు సెంటీమీటరే పెరుగుద్ది, ముందు గోడ పైనుంచి కింద దాకా కొత్తగా రావాలంటే ఏడాది పట్టుద్ది, ఈలోపు ఆరేడు వారాలకోసారి చెక్కిస్తూనే ఉండాలి. ఇక్కడే నేల లెక్కలోకి వస్తది. గుంటూరులో ఏ సందు చూసినా సీసీ రోడ్డే, ఊరి బయట నల్లరేగడి ఎండాకాలం రాయిలా గట్టిపడి నెర్రెలిస్తది, వానల్లో బురదై గిట్ట అడుగున కూరుకుపోతది, గిట్ట మెత్తబడి కుళ్ళు వాసనొస్తది. అందుకని కొట్టంలో మందంగా ఇసుక పొయ్యగలిగితేనే లాడాలు పీకండి, లేకపోతే గుర్రానికి నరకం. మొదట్లో నొప్పెక్కువుంటే మందపాటి థర్మోకోల్ ముక్క గిట్ట ఆకారానికి కోసి టేపు చుట్టి కట్టొచ్చు, లామినైటిస్ ముదిరినప్పుడు కూడా డాక్టర్ వచ్చేలోపు ఇదే ఆదుకుంటది.

ఇక మాత్రలు. ఫెనిల్‌బ్యూటజోన్, అదే బ్యూట్, బాగా పనిచేస్తది, కాకపోతే ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు, పెద్దపేగు వాపు, నీళ్ళు సరిగా తాగని ఎండల్లో కిడ్నీల మీద దెబ్బ. ఇంకో నొప్పి మందు మెలాక్సికామ్, గుర్రానికి కిలోకి 0.6 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, అంటే 350 కిలోల గుర్రానికి 210. రెండూ కలిపి ఎప్పుడూ వెయ్యకూడదు. మెడికల్ షాపులో మనుషుల డైక్లోఫినాక్ తెచ్చి పొడిచేసేవాళ్ళున్నారు, అది వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకి దాన్ని 2006లోనే ఆపేశారు, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ కూడా ఆగిపోయాయి. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది ఊరేగింపుకి ముందు మాత్రేసి తోలడం, నొప్పి తెలీక అది బ్యాండ్ మధ్యలో తారురోడ్డు మీద గెంతుతది, లోపల అరిగేది అరుగుతూనే ఉంటది.

నరం కోయించే ఆపరేషన్ కూడా ఉంది, కానీ నరం మళ్ళీ పెరగొచ్చు, పైగా మడమలో స్పర్శ పోతే మేకు దిగినా గుర్రానికి తెలీదు, రోజూ గిట్ట ఎత్తి చూసే మనిషి లేని ఇంట్లో వద్దే వద్దు.

నన్నడిగితే నావిక్యులర్ ఉండి సిమెంటు మీద బతికే గుర్రానికి ముందుకాళ్ళకే లాడాలు, వెనకవి ఉత్తవి, పని పూర్తిగా మానేసి ఇసుక దొరికితే ఉత్త గిట్టే. మాత్ర నొప్పి ముదిరిన నాలుగు రోజులకి, లేదా రిటైరైన గుర్రం హాయిగా లేచి పడుకోడానికి డాక్టర్ చెప్పిన కనీస మోతాదులో. లామినైటిస్ ఐతే వీటన్నిటికన్నా ముందు గోలెంలో మేత మారాలి: ఉలవలు, తవుడు తగ్గించి, వచ్చినోళ్ళంతా ముద్దుగా పెట్టే బెల్లం పూర్తిగా బంద్. బెజవాడ ఎండల్లో కూడా ఒంటిమీద పొడుగు బొచ్చు రాలకుండా ఉంటే కుషింగ్స్ (ముసలి గుర్రాలకొచ్చే హార్మోన్ల జబ్బు) ఉందేమో రక్తపరీక్ష చేయించండి, అదుంటే ఎంత మంచి లాడం కొట్టించినా కుంటు మళ్ళీ మళ్ళీ తిరిగొస్తది.